వెంటిలేటర్ నుంచి టీ-ట్యూబు దాకా: శ్వాసనాళంలో గొట్టంతో నా అనుభవం

వెంటిలేటర్ మీద వారాల తరబడి ఉండి బయటపడినవాళ్ళలో కొందరికి తర్వాత శ్వాసనాళం ఇరుకైపోతుంది. దాన్ని తెరిచి ఉంచడానికి లోపల ఒక గొట్టం పెడతారు. ఆ గొట్టంతో వచ్చే ఇబ్బందులు మళ్ళీ వేరు. నేను ఇవన్నీ దాటి వచ్చాను. నాకు కావలసిన సమాచారం ఒక్కో డాక్టరు దగ్గర ఒక్కో ముక్క చొప్పున దొరికింది, అదీ చాలాసార్లు ఇబ్బంది వచ్చాకే. అందుకే జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నాను. ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తాను. రీహాబ్‌లో, అంటే జబ్బు తర్వాత వ్యాయామాలతో కోలుకునే చోట, కాళ్ళూ చేతులూ బలపడుతూ ఆయాసం మాత్రం పెరుగుతుంటే, నీరసం అనుకుని ఊరుకోకండి. శ్వాసనాళంలోకి స్కోప్, అంటే కెమెరా ఉన్న గొట్టం, పెట్టి చూడమని అడగండి.

2023 జనవరిలో కాళ్ళలో తిమ్మిర్లతో మొదలైంది. వారం తిరక్కుండానే చేతులు లేవడం మానేశాయి, ఆ తర్వాత ఊపిరి అందడం కష్టమైంది. గిలియన్-బారే సిండ్రోమ్, అందరూ జీబీఎస్ అనేది, అదే. ఒంట్లోని రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేసే జబ్బు. ఐసీయూలో నోట్లోంచి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. రెండు వారాలు దాటినా కండరాలు కోలుకోకపోవడంతో ఫిబ్రవరి మొదట్లో గొంతు కింద రంధ్రం చేసి ట్రాకియాస్టమీ ట్యూబు అమర్చారు. ఈ జబ్బులో తెలివి పూర్తిగా ఉంటుంది. అన్నీ వినిపిస్తాయి, అన్నీ తెలుస్తాయి, ఒక్క మాట బయటికి రాదు. కఫం లాగేసే సక్షన్ గొట్టం లోపలికి దిగినప్పుడల్లా ప్రాణం పోతున్నట్టుండేది, తీసిన మరుక్షణం ఊపిరి హాయిగా ఆడేది. "ఇప్పుడు పెడుతున్నానమ్మా" అని ముందుగా చెప్పే నర్సు డ్యూటీలో ఉంటే భయం సగం తగ్గేది. మీవాళ్ళకెవరికైనా సక్షన్ చేయాల్సి వస్తే దయచేసి చెప్పి చేయండి, వాళ్ళు జవాబివ్వలేకపోయినా సరే.

ఫిబ్రవరి చివర్లో, వెంటిలేటర్ రాత్రిళ్ళు మాత్రమే సరిపోతుందన్నాక, రీహాబ్ వార్డుకి మార్చారు. అక్కడి ఫిజియోథెరపిస్టు చిన్న వయసు అమ్మాయి. రోజూ పొద్దున్నే వచ్చి, ట్యూబు చుట్టూ ఉండే బెలూన్‌లో, దాన్ని కఫ్ అంటారు, గాలి ఎంత ఉందో మీటరు పెట్టి చూసేది. 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య ఉండాలట. 30 దాటితే శ్వాసనాళం లోపలి పొరకి రక్తం సరిగా అందదు. అక్కడ పుండు పడుతుంది, మానేటప్పుడు మచ్చ కట్టి ముడుచుకుపోతుంది. ఐసీయూలో ఆ మీటరు నాకు కనబడలేదు, బెలూన్‌ని వేళ్ళతో నొక్కి చూసి సరే అనేవాళ్ళు. నాకు ఇరుకు ఏర్పడింది కఫ్ వల్లా, మొదట నోట్లోంచి వేసిన గొట్టం వల్లా, రంధ్రం దగ్గరి మచ్చ వల్లా అన్నది ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. కానీ మీ మనిషి ఐసీయూలో ఉంటే, కఫ్ ప్రెషర్ మీటరుతో చూస్తున్నారా అని తప్పకుండా అడగండి.

మార్చి మొదటి వారంలో కఫ్‌లో గాలి పూర్తిగా తీసేసి స్పీకింగ్ వాల్వ్ పెట్టారు. దాంతో గాలి ట్యూబులోంచి లోపలికి వస్తుంది, బయటికి మాత్రం స్వరపేటిక మీదుగా వెళ్తుంది, కాబట్టి మాట వస్తుంది. కఫ్‌లో గాలి ఉండగా ఈ వాల్వ్ పెడితే ఊపిరి వదలడానికి దారే ఉండదు. అందుకే మంచానికి పెద్ద అక్షరాలతో కాగితం అంటించారు. నోట్లోంచి మొదట వచ్చిన మాట "ఏవండీ". మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. నేను పిల్లలకి పాఠాలు చెప్పే మనిషిని. గొంతు పోతే నా పనే పోయినట్టు. ఆ పూట ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

ట్యూబు తీసేముందు దగ్గు ఎంత బలంగా ఉందో కొలిచారు. ఒక మీటరులోకి గట్టిగా దగ్గాలి, నిమిషానికి 160 లీటర్ల వేగం దాటితేనే తీయడానికి ఒప్పుకుంటామన్నారు, ఎందుకంటే కఫం సొంతంగా బయటికి తెచ్చుకోగలగాలి. అది దాటాక ట్యూబుకి మూత పెట్టి ఒక రోజంతా గమనించి, మార్చి మూడో వారంలో తీసేశారు. రంధ్రం పదిరోజులకల్లా దాదాపు పూడిపోయింది. ఏప్రిల్‌లో ఇంటికి వచ్చేశాను. కథ అయిపోయిందనే అనుకున్నాం.

వారానికి కొన్ని రోజులు రీహాబ్‌కి వెళ్ళి వచ్చేదాన్ని. ఏప్రిల్ చివర్లో ఆరు నిమిషాల నడక పరీక్షలో 310 మీటర్లు నడిచాను. మే చివరికి కర్ర లేకుండా నడుస్తున్నాను, మెట్లెక్కుతున్నాను, కానీ అదే పరీక్షలో 240 మీటర్ల దగ్గరే ఆగిపోయాను. మొదట ఒక డాక్టరు కండరాల నీరసం అన్నారు. ఇంకొకరు ఆస్తమా కావచ్చని ఇన్హేలర్ రాశారు. మూడు వారాలు వాడినా గుణం కనబడలేదు. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ 97 చూపిస్తుండేది, ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. అంకెలన్నీ బాగున్నాయి కాబట్టి టెన్షన్ వల్లే ఆయాసం వస్తోందని ఇంట్లోవాళ్ళు కూడా నమ్మడం మొదలుపెట్టారు. నాకూ నా మీద అనుమానం వచ్చింది. రాత్రి పడుకోవాలంటే భయం, స్ట్రాలోంచి గాలి పీల్చుకుంటున్నట్టుండేది.

ఆ ఫిజియో అమ్మాయే పట్టుకుంది. నన్ను నడిపిస్తూ పక్కనే నడుస్తున్నది ఒక్కసారిగా ఆగి, "మేడమ్, గట్టిగా ఊపిరి పీల్చండి" అని నా మెడ మీద స్టెతస్కోప్ పెట్టింది. ఆస్తమా పిల్లికూతలు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు ఛాతీలోంచి వస్తాయి. నా కూత ఊపిరి పీల్చేటప్పుడు గొంతులోంచి వస్తోంది. "మీ కాళ్ళు బాగున్నాయి మేడమ్, గాలికే ఎక్కడో దారి చాలట్లేదు" అంది. అదే రోజు ఊపిరితిత్తుల పరీక్ష చేయించింది. మామూలుగా ఆ గ్రాఫ్ పైకి కొండలా లేచి దిగాలి. నాది పైనా కిందా రెండు వైపులా చదునుగా, కోసేసినట్టు వచ్చింది. గాలి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ ఒకే చోట అడ్డుపడుతోందని దానర్థం. ఇన్హేలర్ ఎందుకు పనిచేయలేదో ఆ గ్రాఫ్ చూశాక అర్థమైంది.

పల్మనాలజిస్టు, అంటే ఊపిరితిత్తుల డాక్టరు, అపాయింట్‌మెంట్‌కి వారం పైగా పట్టింది. జూన్ మొదట్లో సీటీ, ఆ వెంటనే ముక్కులోంచి సన్న స్కోప్ పెట్టి చూశారు. గొంతుకి స్ప్రే కొట్టి మొద్దుబారేలా చేస్తారు కాబట్టి నొప్పి లేదు, కానీ ఇరుకు దగ్గరికి స్కోప్ వచ్చినప్పుడు ఊపిరి ఆగినట్టు అనిపించింది. స్వరతంతువుల కింద రెండు సెంటీమీటర్ల దగ్గర దారి 5 మిల్లీమీటర్లే మిగిలింది. దారి సుమారు 8 మిల్లీమీటర్లకి తగ్గాకే నడిచేటప్పుడు ఆయాసం తెలుస్తుందని, 5 దగ్గరికి వస్తే కూర్చున్నా కూత వినిపిస్తుందని డాక్టరుగారు చెప్పారు. ఇలాంటి ఇరుకులో ఆక్సిజన్ అంకె చివరిదాకా మామూలుగానే ఉండొచ్చని కూడా అన్నారు. ఇన్నాళ్ళూ ఆ అంకె చూసే మేము నిశ్చింతగా ఉన్నాం.

మచ్చ ఉన్న భాగం కోసి తీసేసి పైదీ కిందిదీ కలిపి కుట్టే ఆపరేషన్ ఒకటుంది. అందరికీ శాశ్వత పరిష్కారం అదేనని పేరు. నా విషయంలో సర్జన్ ఒప్పుకోలేదు. దగ్గు ఇంకా బలహీనంగా ఉంది, లోపలి పొర ఎర్రగా వాచి ఉంది, ఇప్పుడు కుడితే కుట్లు నిలవకపోవచ్చన్నారు. ముందు గట్టి స్కోప్‌తో, పూర్తి మత్తిచ్చి, ఇరుకుని కోసి వెడల్పు చేశారు. ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికి వచ్చి పీల్చిన గాలి రుచి నాకు ఇంకా గుర్తుంది. ఆ సుఖం మూడు వారాలు ఉంది. తర్వాత మచ్చ మళ్ళీ ముడుచుకుంది. జులై చివర్లో సిలికాన్ స్టెంట్, అంటే దారిని లోపలినుంచి తెరిచి ఉంచే గొట్టం, పెట్టారు. ఫ్రాన్స్‌కి చెందిన డ్యూమోన్ అనే డాక్టరు 1990లో ప్రచురించిన పద్ధతి అట. గొట్టం జారకుండా బయటివైపు చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి. ఇనుపవల లాంటి స్టెంట్ ఎందుకు వద్దని అడిగాను. క్యాన్సర్ కాని ఇరుకుల్లో లోహపు స్టెంట్‌ని కండ పెరిగి కప్పేస్తుంది, తీయడం చాలా కష్టం, మందులనీ వైద్య పరికరాలనీ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ కూడా 2005లోనే ఈ విషయంలో హెచ్చరించింది అన్నారు. సిలికాన్‌ది అవసరమైతే బయటికి లాగేయొచ్చు.

స్టెంట్ పెట్టిన మర్నాడు మెట్లు ఆగకుండా ఎక్కాను. రెండు వారాలు గడిచాయో లేదో కఫం మొదలైంది. శ్వాసనాళం లోపల సన్నని నూగు ఉంటుంది, అది ఎప్పుడూ కదులుతూ కఫాన్ని పైకి తోస్తుంటుంది. సిలికాన్ మీద ఆ నూగు ఉండదు. కఫం స్టెంట్ దాకా వచ్చి అక్కడే నిలిచిపోతుంది, ఎండితే గోడకి అంటుకుంటుంది. నాలాంటి దగ్గు బలహీనంగా ఉన్నవాళ్ళకి అది రెండింతల కష్టం. మనం దగ్గినప్పుడు శ్వాసనాళం వెనక గోడ లోపలికి నొక్కుకుని గాలి వేగం పెంచుతుంది, బిగుసుగా ఉన్న గొట్టం ఆ పని చేయనివ్వదు. పెట్టేముందు ఈ సంగతి వివరంగా ఎవరూ చెప్పలేదు. రోజుకి మూడుపూటలా సెలైన్ నెబ్యులైజర్ పెట్టుకోమని డిశ్చార్జ్ కాగితంలో ఒక వాక్యం ఉంది, అంతే. స్టెంట్ ఉన్నంతకాలం, ఒంట్లో బాగున్నా సరే, అది మానకూడదని గట్టిగా చెప్పాల్సింది.

నోటి దుర్వాసన ఇంకో బాధ. ఎంత పళ్ళు తోముకున్నా పోదు. ఎవరితోనైనా మాట్లాడాలంటే చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. స్టెంట్ మీద చేరే క్రిములే కారణం అన్నారు. కఫం పరీక్షలో క్రిములు కనబడ్డాయని ఒక చోట వెంటనే యాంటీబయాటిక్స్ రాయబోయారు. మా పల్మనాలజిస్టు వద్దన్నారు. గొట్టం మీద క్రిములు పొరలా అంటుకుని ఉండడం మామూలే, జ్వరం వస్తేనో, కఫం రంగు మారి ఎక్కువైతేనో, ఆయాసం పెరిగితేనో మందు వాడదాం, ఊరికే వాడితే మొండి క్రిములు తయారవుతాయి అని ఆవిడ వాదన. నాకది సబబుగా తోచింది.

సెప్టెంబర్ చివర్లో ఒక రాత్రి గట్టిగా దగ్గు తెర వచ్చింది. లోపల ఏదో కదిలినట్టు స్పష్టంగా తెలిసింది. గొంతు మారిపోయింది, కూత మొదలైంది. దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తాం. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరు ఆస్తమా అనుకుని నెబ్యులైజర్ పెట్టారు, తగ్గకపోతే నోట్లోంచి గొట్టం వేస్తామన్నారు. మా ఆయన జేబులోంచి ఉత్తరం తీసి చూపించారు. స్టెంట్ పెట్టినప్పుడు మా పల్మనాలజిస్టు ఇచ్చిన ఒక పేజీ ఉత్తరం అది. అందులో స్టెంట్ ఎక్కడుంది, పొడవు ఎంత, వెడల్పు ఎంత, గుడ్డిగా గొట్టం వేస్తే అది స్టెంట్‌ని కిందికి తోసే ప్రమాదం ఉంది, తప్పనిసరైతే స్కోప్‌తో చూస్తూ చిన్న సైజు గొట్టం వేయాలి అని రాసి ఉంది. ఆ డాక్టరు ఆ కాగితాన్ని శ్రద్ధగా చదివి, మా ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆక్సిజన్‌తో అంబులెన్సులో పంపారు. ఆ రాత్రి నేను బతికింది ఆ ఉత్తరం వల్ల, దాన్ని చదివి తన ఆలోచన మార్చుకున్న ఆ మనిషి వల్ల. స్టెంట్ ఉన్న ప్రతివాళ్ళూ ఈ ఉత్తరం అడిగి తీసుకోండి. ఒకటి పర్సులో, ఒకటి ఇంట్లోవాళ్ళ ఫోనులో ఫొటోగా ఉంచండి.

స్టెంట్ కిందికి జారింది, ఇరుకు దానికి పైన మిగిలిపోయింది. తెల్లవారేసరికి గట్టి స్కోప్‌తో తీసేశారు. నా ఇరుకు స్వరతంతువులకి దగ్గరగా ఉండడం వల్ల అక్కడ స్టెంట్ నిలవదని తేలింది. అక్టోబర్‌లో టీ-ట్యూబు పెట్టారు. దీన్ని మాంట్‌గోమరీ అనే అమెరికా డాక్టరు 1965లో రూపొందించారు. ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారంలో సిలికాన్ గొట్టం. నిలువు భాగం శ్వాసనాళంలో ఉంటుంది, అడ్డ కొమ్మ గొంతు కింద రంధ్రంలోంచి బయటికి వస్తుంది. ఆ కొమ్మ వల్ల జారదు. పూడిపోయిన రంధ్రాన్ని మళ్ళీ తెరవాల్సి వస్తుందని చెప్పినప్పుడు నేను చాలా కుంగిపోయాను. వెనక్కి, ఐసీయూ రోజుల్లోకి వెళ్తున్నట్టనిపించింది. ఈసారి గొంతు పోదమ్మా, మూత పెడితే మామూలుగానే మాట్లాడతారు అని డాక్టరుగారు పదేపదే చెబితే గానీ సంతకం పెట్టలేదు.

మొదటి ఒకటి రెండు రోజులు సక్షన్ కోసం బయటి కొమ్మ తెరిచి ఉంచారు. తర్వాత మూత. మూత పెడితే గాలి ముక్కులోంచి, తడీ వెచ్చదనం పట్టుకుని లోపలికి వెళ్తుంది. తెరిచి ఉంచితే పొడి గాలి నేరుగా గొట్టంలోకి వెళ్ళి కఫాన్ని గడ్డకట్టిస్తుంది. ఈ గొట్టంతో వచ్చే ఇబ్బందుల్లో సగం ఈ ఒక్క మూతతో ముడిపడి ఉన్నాయని నా అభిప్రాయం. సక్షన్ కూడా మాకు ఆసుపత్రిలోనే నేర్పారు. కొమ్మలో కొద్దిగా సెలైన్ వేసి, సక్షన్ మిషన్‌కి తగిలించే సన్న గొట్టాన్ని, అంటే కాథెటర్‌ని, ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోనివ్వాలి. కిందికి మాత్రమే చేసి ఆపేస్తే పై భాగంలో కఫం పేరుకుంటుంది. మా ఆయనా, మా అబ్బాయీ ఇద్దరూ నర్సు ఎదుట చేసి చూపించాకే డిశ్చార్జ్ చేశారు. గొట్టం పూర్తిగా మూసుకుపోయి ఎంత సక్షన్ చేసినా తెరుచుకోకపోతే ఏం చేయాలో కూడా నేర్పారు. బయటి కొమ్మని గట్టిగా పట్టుకుని లాగేసి, అదే రంధ్రంలో మామూలు ట్రాకియాస్టమీ ట్యూబు పెట్టాలి. ఆ ట్యూబు ఎప్పుడూ మంచం పక్కనే ఉండాలి. ఇది చదివి ఎవరూ సొంతంగా ప్రయత్నించకండి. నేర్పందే డిశ్చార్జ్ ఒప్పుకోకండి.

డిసెంబర్‌లో దాని అవసరం దాదాపు వచ్చింది. గాలి బాగా పొడిగా ఉన్న రోజులు. నిద్రలో దగ్గినప్పుడు మూత ఊడిపోయింది, ఎవరం గమనించలేదు. తెల్లవారుజామున లేచేసరికి లోపల పొక్కు కట్టేసింది, గాలి సగమే ఆడుతోంది. సెలైన్ వేసి, కాసేపు నెబ్యులైజర్ పెట్టి, మళ్ళీ సెలైన్ వేసి సక్షన్ చేస్తే గోధుమరంగు గట్టి ముద్ద బయటికి వచ్చింది. మా అబ్బాయి చేతులు వణుకుతున్నా ఆపలేదు. ఆ రోజునుంచి మూతని సన్న దారంతో మెడ పట్టీకి కట్టేశాం, అదనపు మూతలు నాలుగు చోట్ల పెట్టాం. రాత్రిళ్ళు గదిలో తేమ కోసం హ్యూమిడిఫయర్ కూడా కొన్నాం.

2024 ఫిబ్రవరికి గొంతు బొంగురుపోయింది. కఫంలో ఎర్రటి చారలు కనబడ్డాయి. స్కోప్‌లో చూస్తే టీ-ట్యూబు పై అంచు తగిలే చోట కండ పెరిగింది. గొట్టం అంచు రోజూ రాసుకుంటూ ఉంటే శరీరం అలా కండ పెంచుతుందట. స్టెంట్‌కైనా టీ-ట్యూబుకైనా ఇది తరచుగా వచ్చే ఇబ్బందే. అతిశీతలంతో మాడ్చే ప్రోబ్ పెట్టి ఆ కండ తీసేసి, పై కొమ్మ కాస్త పొట్టిగా ఉన్న కొత్త గొట్టం మార్చారు. కడుపులో యాసిడ్ పైకి ఎగదన్నితే కండ ఇంకా పెరుగుతుందని దానికి మాత్ర రాశారు, తలవైపు మంచం ఎత్తు చేసుకోమన్నారు, తినగానే పడుకోవద్దన్నారు. అంతకుముందు గుండెల్లో మంట ఉందని నేను చెప్పినా ఎవరూ దీనితో కలిపి ఆలోచించలేదు. మీకు పుల్లటి తేన్పులు ఉంటే గొట్టం చూసే డాక్టరుకి చెప్పండి.

పొలమారడం కూడా అప్పుడే ఎక్కువైంది. నీళ్ళు తాగితే దగ్గు, దగ్గితే మూత దగ్గర చెమ్మ. గుటక వేసేటప్పుడు స్వరపేటిక పైకి లేవాలి, గొట్టం దాన్ని కొంత పట్టి ఉంచుతుంది. మింగడం నేర్పే థెరపిస్టు గడ్డం ఛాతీవైపు దించి చిన్న గుక్కలు మింగమంది, పల్చటివాటికి బదులు కాస్త చిక్కగా ఉన్నవి తాగమంది. నెల రోజులు పట్టింది సర్దుకోవడానికి. నిలువు గ్లాసు ఎత్తి గటగటా నీళ్ళు తాగాలన్న కోరిక ఎంత బలంగా ఉంటుందో అది పోగొట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఇంత జరుగుతున్నా రీహాబ్ ఆపలేదు. ఆపమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు, గొట్టం పెట్టుకుని వ్యాయామం ఏమిటని. ఆ ఫిజియో అమ్మాయి ఒప్పుకోలేదు. ఆమె వరస ఇది. ముందు నెబ్యులైజర్, తర్వాత నోరు తెరిచి "హా" అని గట్టిగా ఊదుతూ కఫం పైకి తేవడం, తర్వాత సక్షన్, ఆ తర్వాతే నడక. ఈ వరస తప్పితే నడుస్తున్నప్పుడు కఫం కదిలి మధ్యలో అడ్డుపడుతుంది. ఊపిరి పీల్చే కండరాలకి వాడే చిన్న పరికరం కూడా ఇచ్చింది, మూత గట్టిగా ఉంటేనే అది పనిచేస్తుంది. ప్రతిసారీ నడక దూరం పుస్తకంలో రాసేది. ఆ పుస్తకమే మాకు హెచ్చరిక గంటలా పనిచేసింది. ఫిబ్రవరిలో కండ పెరిగినప్పుడు కూడా గొంతు మారకముందే నడక దూరం తగ్గింది. స్కోప్ తేదీ ముందుకు జరిపించింది ఆ అంకె చూపించే.

ఖర్చు గురించి. గట్టి స్కోప్ అంటే ప్రతిసారీ పూర్తి మత్తు, థియేటర్, కనీసం ఒక రాత్రి ఆసుపత్రి. వాటికి ఇన్సూరెన్స్ ఇచ్చింది, కొన్నిసార్లు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. ఇంట్లో రోజూ వాడే సక్షన్ కాథెటర్లు, సెలైన్, మూతలు, అత్యవసరానికి ఉంచుకున్న ట్యూబు, కరెంటు పోతే పనిచేసే సక్షన్ మిషన్, వీటికి మాత్రం పైసా రాలేదు. నెలనెలా చిన్నగా కనిపిస్తూ ఏడాది తిరిగేసరికి అదే పెద్ద మొత్తం అయింది. మా ఆయన ఉద్యోగంలో సెలవులన్నీ అయిపోయాయి. డబ్బుకంటే ఆయన నిద్ర ఎక్కువ పోయింది, నేను దగ్గినప్పుడల్లా లేచి కూర్చునేవారు.

బడికి 2024 జూన్‌లో సగం పూట చొప్పున తిరిగి వెళ్ళాను. మెడ చుట్టూ పల్చటి స్కార్ఫ్. పిల్లలు మొదటి రోజు చూశారు, రెండో రోజు అడిగారు, మూడో రోజు మర్చిపోయారు. పెద్దవాళ్ళే చూపు తిప్పుకోలేకపోయేవారు. స్నానం చేసేటప్పుడు గొట్టం దగ్గర నీళ్ళు పడకుండా చూసుకోవాలి, ఈత అసలే కూడదు, సుద్దపొడి పడకుండా బోర్డుకి దూరంగా నిలబడేదాన్ని. ఇవన్నీ అలవాటయ్యాయి. అలవాటు కానిది ఒక్కటే, ప్రతి దగ్గుకీ ఇది మామూలు దగ్గా కాదా అని లోపల లెక్క వేసుకోవడం.

ఏడాది పూర్తయ్యాక, నవంబర్‌లో, సీటీలో దారి 12 మిల్లీమీటర్లు ఉందని, వాపు పోయిందని చెప్పి టీ-ట్యూబు తీసి చూద్దామన్నారు. తీసి, రంధ్రంలో చిన్న ట్రాకియాస్టమీ ట్యూబు మూతతో పెట్టి కొన్ని రోజులు ఆసుపత్రిలోనే ఉంచారు, మళ్ళీ ఇరుకైతే వెంటనే దారి ఉండాలని. రాత్రి నిద్ర, నడక, మెట్లు అన్నీ చూశాక అదీ తీసేశారు. తీసిన వారం తర్వాత స్కోప్, నెల తర్వాత మళ్ళీ స్కోప్. చిన్న మడతలా మచ్చ ఉంది, దారి నిలిచే ఉంది. ఆరు నిమిషాల నడకలో ఇప్పుడు 420 మీటర్లు. రంధ్రం ఇంకా సూదిమొనంత మిగిలింది, మాట్లాడేటప్పుడు దాని మీద వేలు పెట్టుకుంటాను. దానంతటదే పూడకపోతే కుట్టేస్తామన్నారు.

మళ్ళీ ఇరుకు కాదని ఎవరూ హామీ ఇవ్వలేదు. అయితే ఈసారి శరీరం బలంగా ఉంది కాబట్టి ఆ కోసి కుట్టే ఆపరేషన్‌కి దారి తెరిచే ఉందని సర్జన్ అన్నారు. అది చేస్తే కుట్ల మీద లాగుడు పడకుండా గడ్డాన్ని ఛాతీకి కలిపి కుట్టు వేసి వారం రోజులు తల వంచి ఉంచుతారట. ముందే తెలియడం మంచిదైంది, అవసరమైతే మనసు సిద్ధంగా ఉంటుంది. ఉత్తరం ఇంకా పర్సులోనే ఉంది, అందులో పాత వివరాలు కొట్టేసి కొత్తవి రాయించాను. నడక పుస్తకం ఇప్పుడు నేనే రాస్తున్నాను. తర్వాతి స్కోప్ మార్చిలో. ఈలోపు దూరం తగ్గినా, పీల్చేటప్పుడు కూత వినిపించినా ఆ తేదీ దాకా ఆగకుండా నేరుగా రమ్మన్నారు.